ఆగడం నేర్పిన రాయి

(స్వర్ణోత్సవ సభలో 1986 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు ఫోన్ చేసి, "అన్నగారూ, ఇరవై నిమిషాలు మాట్లాడాలి. జీవితంలో ఎలా పైకొచ్చానో మాత్రం చెప్పొద్దు, పొద్దుటి నుంచీ అవే ఉంటాయి. మీకు చేతనైన పని ఏదైనా ఒకటి చెప్పండి" అన్నారు. నా పని తేలిక చేసినందుకు ఆయనకు కృతజ్ఞతలు.

నేను మెకానికల్ ఇంజనీర్ని. ఇరవై ఏళ్ళుగా దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉంటున్నాను. ఉద్యోగమంతా పంపులు, వాల్వులు, పైపులైన్లతోనే. తొమ్మిదేళ్ళుగా శనివారాలు మాత్రం వేరే పని చేస్తున్నాను. ఓపల్ అనే రాయికి సానపడుతున్నాను.

ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా ముందు వరుస నుంచి పంపిస్తున్నాను. మాస్టార్లు చూశాక వెనక్కి అందించండి. అందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి గోడ నుంచి ఊడిన సున్నం పెళ్ళలా ఉంటుంది. రెండోదాన్ని అటూ ఇటూ తిప్పి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని వెంట ఒకటి మెరుస్తాయి. రెండూ ఒకే రాయివి, మధ్యకు నేనే కోశాను. ఆ సున్నం పెళ్ళకూ ఈ మెరుపుకూ నడుమ ఏం జరిగిందో చెప్పడమే ఈ రోజు నా పని.

ఓపల్ అనే మాటకు మూలం సంస్కృతంలోని 'ఉపల' అంటారు. ఉపల అంటే రాయి, అంతే. పేరు మనదే అయినా నవరత్నాల్లో దీనికి చోటు లేదు. మన నగల షాపుల్లో వజ్రం కొనలేని వాళ్ళకు శుక్రుడి రాయి అని దీన్ని చూపిస్తుంటారు. ఐరోపాలో కథ ఇంకోలా నడిచింది. 1829లో వాల్టర్ స్కాట్ రాసిన ఒక నవల వల్ల ఓపల్ పెట్టుకుంటే కీడు జరుగుతుందనే భయం పట్టుకుంది. అక్కడ అరిష్టం, ఇక్కడ శుక్రబలం. పాపం, రాయికి ఈ రెండు సంగతులూ తెలియవు.

అసలు ఇది ఏమిటి? మన ఇసుకలో ఉండే సిలికానే. కాకపోతే ఇందులో నీరు చిక్కుకుని ఉంటుంది, సాధారణంగా బరువులో 3 నుంచి 10 శాతం దాకా. కెంపు ఎర్రగా ఉండటానికి క్రోమియం కారణం. నీలం రాయికి ఇనుము, టైటానియం కారణం. ఓపల్‌లోని ఈ వన్నెలకు అలాంటి రంగు పదార్థం ఏదీ లేదు. ఎంత ఖరీదైన ఓపల్‌నైనా రోట్లో వేసి నూరితే మిగిలేది తెల్లటి పొడి. నెమలి ఈకలో నీలం, సబ్బు బుడగ మీద రంగులు, వానలో తడిసిన రోడ్డు మీద డీజిల్ చుక్క చేసే రంగులు కూడా ఈ కుటుంబంలోవే. వస్తువు అమరికలోంచి పుట్టే రంగులివి.

ఈ రహస్యం వెంట పడిన వాళ్ళలో మన సర్ సి.వి. రామన్ ఒకరు. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న ఆయనకు రంగులన్నా, రత్నాలన్నా జీవితాంతం మోజు. 1953లో ఎ. జయరామన్‌తో కలిసి ఓపల్ నిర్మాణం మీద, దాని ఇంద్రధనుస్సు రంగుల మీద పరిశోధన పత్రాలు ప్రచురించారు. లోపల ఏదో క్రమమైన అమరిక ఉందని ఆయన పట్టుకున్నారు. అది దేనితో అయిందో కంటితో చూడటానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావలసి వచ్చింది. 1964లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో శాండర్స్, ఆయన సహచరులు ఆ పని చేశారు. లోపల కనిపించినవి సిలికా గోళీలు. బండి మీద బత్తాయిలు పేర్చినట్టు, వరస మీద వరసగా, ఒకే సైజువి. ఎంత చిన్నవంటే, మన తల వెంట్రుక మందంలో దాదాపు మూడు వందల గోళీలు పక్కపక్కన పడతాయి.

తెల్లటి వెలుగు ఆ వరసల మధ్య దూరినప్పుడు, వరసల ఎడానికి సరిపోయిన రంగు మాత్రమే బలంగా తిరిగి బయటికి వస్తుంది. ఇంటర్‌లో ఫిజిక్స్ చదివిన వాళ్ళకు బ్రాగ్ సూత్రం గుర్తుండే ఉంటుంది. ఎక్స్ కిరణాల కోసం చెప్పిన సూత్రమే ఇక్కడ మామూలు వెలుగుకు పనిచేస్తుంది. ఆ సూత్రం చెప్పిన లారెన్స్ బ్రాగ్ పుట్టింది మా అడిలైడ్‌లోనే. 1915లో, 25 ఏళ్ళ వయసులో, తండ్రితో కలిసి నోబెల్ అందుకున్నారు. మా ఊరికి ఉత్తరాన కూబర్ పీడీలో ఓపల్ బయటపడింది కూడా సరిగ్గా ఆ ఏడాదే.

గోళీలు చిన్నవైతే నీలం, ఊదా మాత్రమే వస్తాయి. కాస్త పెద్దవైతే ఆకుపచ్చ, ఇంకా పెద్దవైతే ఎరుపు. పెద్ద గోళీలు వరస తప్పకుండా పేరుకోవడం అరుదు కాబట్టి ఎరుపుకు ధర ఎక్కువ. గోళీలు రకరకాల సైజుల్లో ఉన్నా, వరస చెదిరినా రంగే లేదు. అలాంటి రంగు లేని ఓపల్‌ను అక్కడ పాట్చ్ అంటారు. ప్రేయర్‌లో డ్రిల్లు మాస్టారు ఈల వేయక ముందు మనం ఎలా ఉండేవాళ్ళమో గుర్తు చేసుకోండి. అది పాట్చ్. ఈల వేశాక కొలత తాడు పట్టినట్టు నిలబడేవాళ్ళం. అది ఓపల్. రెండింట్లో పిల్లలు ఒకటే.

ఇంత వివరం ఎందుకంటే, సానపట్టే మనిషికి దీని అర్థం ఒకటుంది. రంగును ఆయన పుట్టించలేడు. కొంచెం పెంచలేడు కూడా. ఉన్నది కనిపించేలా చేయగలడు, లేదా ఉన్నదాన్ని అరగదీసి కాలవలో పోయగలడు. ఈ రెంటికీ మధ్య తేడా ఒక్కోసారి అర మిల్లీమీటరు.

కూబర్ పీడీ అడిలైడ్‌కి సుమారు 850 కిలోమీటర్ల దూరంలో ఉంది. మన ఎండాకాలం అక్కడి ఎండ ముందు తక్కువే అనిపిస్తుంది. సగానికి సగం ఊరు భూమి లోపలే ఉంటుంది. ఇళ్ళు, గుడి, హోటలు అన్నీ కొండను తొలిచి కట్టినవే. చుట్టూ ఎటు చూసినా చీమల పుట్టల్లా తెల్లటి మట్టి కుప్పలు. గనివాళ్ళు పారేసిన ఆ కుప్పల్లో చిన్న చిన్న రంగు ముక్కలు వెతుక్కోవడాన్ని అక్కడ నూడ్లింగ్ అంటారు. మన భాషలో చెప్పాలంటే పరిగె ఏరుకోవడం. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకున్న వాళ్ళకు ఆ పని గురించి విడిగా చెప్పక్కర్లేదు. నేను నా మొదటి రాళ్ళు అలాగే ఏరుకున్నాను.

ఇక పనిలోకి వస్తాను.

మొదటి పని చూడటం. రాయిని కడిగి, తడిగా ఉన్నప్పుడు ఒకసారి, ఆరుతున్నప్పుడు ఇంకోసారి చూడాలి. తడి రాయి అందంగా కనిపిస్తుంది, గరుకంతా దాక్కుంటుంది. ఆరేటప్పుడు నిజం తెలుస్తుంది. పైభాగం ముందు ఆరిపోతుంది, పగుళ్ళలో నీళ్ళు మాత్రం కాసేపు నిలుస్తాయి. సన్నటి గీతలా తడి మిగిలిందంటే అక్కడ పగులు ఉన్నట్టు. తర్వాత రాయి వెనక దీపం పెట్టి చూడాలి. ఆపైన ఎండలో, చివరికి నీడలో. దీపం కింద ఏ ఓపలైనా మెరుస్తుంది. నీడలో కూడా మెరిసేదే మంచి రాయి. ఎందుకంటే పెట్టుకునే మనిషి నెత్తిన దీపం పెట్టుకుని తిరగదు కదా.

ఈ చూడటంలో వెతకవలసింది రంగు పొర ఎక్కడుంది, ఎంత మందం, ఎటు వాలి ఉంది అన్నది. సాధారణంగా పాట్చ్ మధ్యలో రంగు ఒక పొరగా ఉంటుంది, బొబ్బట్టులో పూర్ణంలా. కానీ ఆ పొర నేలకు సమాంతరంగా ఉండాలన్న నియమం లేదు. వంగుతుంది, ఒక చివర పలచబడుతుంది, మధ్యలో ఇసుక చారలు దూరతాయి. అందుకే రాయి పక్కన ఒక మూల కొంచెం అరగదీసి, కిటికీ తెరిచినట్టు తెరిచి లోపలికి చూస్తాం. మొదటి ఏడాది నేను రాయి కొన్న రోజే చక్రం దగ్గరికి వెళ్ళబోతే క్లబ్‌లోని పెద్దవాళ్ళు ఆపేసేవాళ్ళు. "వారం పాటు కిటికీ గట్టు మీద పెట్టు. పొద్దున్నా సాయంత్రం చూడు" అనేవాళ్ళు. దానికి ఇంకో లాభం కూడా ఉంది. కొన్ని ఓపల్స్ భూమిలోంచి బయటికి వచ్చి ఆరేకొద్దీ బీటలు వారతాయి. ఆ బీట పనికి ముందే వస్తే నయం.

రెండోది కోత. బ్లేడు అంచుకు వజ్రపు పొడి అంటించి ఉంటుంది, కింద నీళ్ళు పారుతుంటాయి. బ్లేడు ఎంత పలచనిదైనా 0.3, 0.4 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అంత మేర రాయి బురదగా పోతుంది. రంగు పొరే ఒక మిల్లీమీటరు ఉన్నప్పుడు ఒక్క కోతతో మూడో వంతు పోయినట్టు. అందుకని అవసరం లేని చోట కోయకుండా చక్రం మీద కొద్దికొద్దిగా అరగదీస్తాం.

మూడోది పుల్లకు అతికించడం. మన కంసాలులు నగను లక్కలో నిలిపి పని చేస్తారు కదా. ఇక్కడా పెన్సిలంత పుల్ల చివర మైనం, లక్క కలిపిన ముద్ద పెట్టి రాయిని నిలుపుతాం. రాయిలో నీళ్ళున్నాయని చెప్పాను. గబుక్కున వేడి తగిలితే పగులుతుంది. కాబట్టి రాయిని, లక్కను రెంటినీ మెల్లగా వెచ్చబెట్టాలి. పని అయ్యాక పుల్లతో సహా కాసేపు ఫ్రీజర్లో పెడితే లక్క పట్టు వదులుతుంది.

నాలుగోది రూపం. ఓపల్‌ను వజ్రంలా ముఖాలు ముఖాలుగా కోయరు. పైభాగం గోపురంలా వంపు తిరిగేలా చేస్తారు. ఆ గోపురం ఎత్తు ఎంత ఉండాలన్నది రాయి చెబుతుంది. రంగు పొర పలచగా ఉన్నప్పుడు గోపురం ఎత్తుగా చేశామంటే అంచుల దగ్గర రంగు దాటి కింది పాట్చ్ బయటపడుతుంది. నడిమధ్య రంగు, చుట్టూ బూడిద రంగు వలయం మిగులుతాయి. పొర పలచనైతే గోపురం తగ్గాలి. పొర వాలి ఉంటే రాయి మొత్తాన్ని ఆ వాలుకు తగ్గట్టు తిప్పుకోవాలి. అడుగున ఉన్న పాట్చ్‌ను కొంత ఉంచేయడం మంచిది. అది రంగుకు ఆసరా. పాట్చ్ ముదురు రంగుదైతే ఇంకా మేలు. అనవసరపు వెలుగును అది మింగేస్తుంది కాబట్టి పైనున్న రంగులు నిప్పుల్లా కనిపిస్తాయి. న్యూ సౌత్ వేల్స్‌లోని లైట్నింగ్ రిడ్జ్ నల్ల ఓపల్‌కు అంత పేరు రావడానికి కారణం అదే.

ఐదోది నునుపు. 220 నంబరు చక్రంతో మొదలుపెట్టి 600, 1200, 3000 దాకా వెళ్తాం. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఒక చక్రం పెట్టిన గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి చక్రానికి వెళ్ళాలి. మధ్యలో ఒకటి దాటేస్తే ఆ గీత చివరి మెరుగులో మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. అప్పుడు వెనక్కి రావలసిందే. వెనక్కి వచ్చిన ప్రతిసారీ రంగు పొర కొంత పోతుంది. చివరగా సీరియం ఆక్సైడ్ పొడిని నీళ్ళలో కలిపి, తోలు మీదో మెత్తటి ఉన్ని బిళ్ళ మీదో రాసి మెరుగు పెడతాం. చేతిలో ఒత్తిడి తక్కువ, నీళ్ళు ఎక్కువ.

చెప్పడానికి ఇవే ఐదు మెట్లు. ఎవరైనా ఆరు వారాల్లో నేర్చుకుంటారు. ఆరేళ్ళు పట్టేది ఇంకొకటి ఉంది. ఎక్కడ ఆపాలో తెలియడం.

చక్రం మీద రాయి పెట్టగానే ఆకుపచ్చ కనిపిస్తుంది. ఇంకొంచెం అరిగాక కింద ఎరుపు తళుక్కుమంటుంది. ఇంకొక్క పట్టు పడితే ఎరుపు పరుచుకుంటుందేమో అనిపిస్తుంది. కొన్నిసార్లు పరుచుకుంటుంది కూడా. కొన్నిసార్లు ఆ ఒక్క పట్టుతో ఉన్న ఆకుపచ్చా పోయి పాట్చ్ తేలుతుంది. అరిగిపోయింది తిరిగి రాదు. ఇంజనీరుగా నాకు ఇది కొత్త. మా పనిలో డ్రాయింగు ముందు వస్తుంది, వస్తువు తర్వాత వస్తుంది. ఇనుప కడ్డీ ఏ మూల చూసినా ఒకటే. కొలత ప్రకారం చేస్తే పని అయిపోయినట్టు. ఇక్కడ డ్రాయింగు రాయి లోపల ఉంది. తెరుస్తూ చదవాలి, చదువుతూ మార్చుకోవాలి.

ఒక రాయి గురించి చెబుతాను. మా క్లబ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. క్రొయేషియా నుంచి కుర్రవాడిగా వచ్చి, కూబర్ పీడీ గనుల్లో ముప్ఫై ఏళ్ళు తవ్వినవాడు. నాకు చక్రం దగ్గర కూర్చోవడం నేర్పింది ఆయనే. మొదటి మూడు నెలలు నా చేతికి రంగు రాయి ఇవ్వలేదు. పారేసే పాట్చ్ గుప్పెడు ఇచ్చి, "వీటిని ఎన్ని పాడుచేసుకుంటావో చేసుకో" అన్నారు. కొన్నేళ్ళకు ఆయనకు చేతులు వణికే జబ్బు వచ్చింది. ఒక శనివారం జేబు రుమాలులో చుట్టిన రాయి తెచ్చి నా ముందు పెట్టారు. గని వదిలిన రోజు నుంచి కోయకుండా దాచుకున్న రాయి. మనవరాలి పెళ్ళికి ఇవ్వాలని ఆశ. తన చేతులతో ఇక చేయలేరు.

ఆ రాయి బరువు 62 క్యారెట్లు, అంటే పన్నెండు గ్రాముల పైచిలుకు. పక్క నుంచి చూస్తే రెండు మిల్లీమీటర్ల ఎర్రటి పొర. కానీ మూడో వంతు దగ్గర పైనుంచి ఒక ఇసుక చార ఏటవాలుగా దిగింది. ఎంత లోతుకు దిగిందో బయటికి తెలియదు. దారులు రెండు. చారకు అటొకటి, ఇటొకటి రెండు చిన్న రాళ్ళు కోస్తే ప్రమాదం లేదు. చెవులకు జత అవుతుంది, బజారులో దొరికే బిగింపుల్లో సరిపోతుంది. లేదంటే రాయిని ఒక్కటిగానే ఉంచి, పైనుంచి అరగదీస్తూ చార ముగిసే దాకా వెళ్ళాలి. ముగిస్తే పెద్ద రాయి మిగులుతుంది. ముగియకపోతే రంగూ పోతుంది, రాయీ పోతుంది.

నేను రెండు దారులూ కాగితం మీద గీసి, కొలతలు వేసి చూపించాను. ఆయన కాగితం పక్కన పెట్టి, "నువ్వు రాయిని ఎన్ని రోజులు చూశావు?" అని అడిగారు. అప్పటికి రెండు రోజులు. "నేను ఇరవై ఆరేళ్ళు చూశాను. చార అడుగు దాకా వెళ్ళదు. ఒక్కటిగానే చెయ్యి" అన్నారు.

ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అల్యూమినియం కడ్డీ మొనతో రాయి చుట్టూ గీత గీశాను. నీళ్ళకు అది చెరగదు. పది పట్లు పట్టడం, తుడిచి కొలవడం, ఆయనకు ఇవ్వడం. మళ్ళీ పది పట్లు. మూడు పాయింట్ల దగ్గర చార వెడల్పు తగ్గింది. ఐదు పాయింట్ల దగ్గర సగమైంది. ఏడు పాయింట్ల దగ్గర, ఒక మూల బియ్యపు గింజంత బూడిద రంగు చుక్కగా మిగిలింది. ఇంకో మూడు పాయింట్లు తీస్తే ఆ చుక్క పోవచ్చు. కానీ ఎదుటి చివర పొర పలచబడుతోంది, అక్కడి ఎరుపు ఆ మూడు పాయింట్లు తట్టుకోదు. నేను చెప్పకముందే ఆయన రాయిని నీడలోకి తీసుకెళ్ళి, వణికే చేతుల్లోనే తిప్పి చూసి, "ఇక చాలు" అన్నారు.

మెరుగు పెట్టాక 11 క్యారెట్లు తేలింది. మొదటి బరువులో ఐదో వంతు కూడా కాదు. వ్యాపారి చూస్తే ఆ చుక్క చూపించి ధర తగ్గిస్తాడు. కంసాలి మాత్రం రాయిని కాస్త తిప్పి, గొలుసు కొక్కెం సరిగ్గా ఆ మూల మీదికి వచ్చేలా బిగించాడు. పెళ్ళిలో ఆ అమ్మాయి మెడలో చూశాను. దీపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాయిని చూసి చెప్పవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. సానపట్టేటప్పుడు నీళ్ళు వాడేది రాయి చల్లగా ఉండటానికి మాత్రమే కాదు. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్ళీ బయటికి రాదు. సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు. వంటగది గట్లకు వాడే కృత్రిమ రాతి పలకలు కోసే యువకులు ఈ జబ్బు బారిన పడుతున్నారని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ పలకల తయారీని, అమ్మకాన్ని, బిగింపును నిషేధించింది. మన దగ్గర టైల్స్, గ్రానైట్ కోసే కుర్రాళ్ళు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పొడిగా కోస్తుంటారు. తువ్వాలు ఆ దుమ్మును ఆపదు. ఈ సభలో కాంట్రాక్టర్లు, బిల్డర్లు చాలామంది ఉన్నారు. మీ సైటులో కోత మిషను పక్కన నీళ్ళ పైపు, మనిషికి సరైన మాస్కు ఉన్నాయో లేదో రేపు ఒకసారి చూడండి.

కొనేవాళ్ళకు కూడా రెండు మాటలు. పలచటి ఓపల్ రేకును నల్లటి రాయికి అతికిస్తే దాన్ని డబ్లెట్ అంటారు, పైన గాజో స్ఫటికమో కూడా కప్పితే ట్రిప్లెట్. అలా చెప్పి అమ్మితే తప్పేం లేదు. నిండు రాయి అని అమ్మితే మోసం. పక్క నుంచి చూడండి. గీత గీసినట్టు తిన్నగా అతుకు కనిపిస్తే అనుమానించండి. బిగింపు పక్క భాగాన్ని పూర్తిగా మూసేస్తే విడి రాయి చూపించమనండి. ఇప్పుడు మన మార్కెట్లోకి వచ్చేవాటిలో ఇథియోపియా ఓపల్స్ ఎక్కువ, జైపూర్‌లో సానపట్టినవి. అందమైనవే, కానీ చాలావాటికి నీళ్ళు పీల్చే గుణం ఉంటుంది. వాటిని నూనెకు, సబ్బు నీళ్ళకు దూరంగా ఉంచండి. ఏ ఓపలైనా కెంపు, నీలం కన్నా మెత్తనిది. గిన్నెలు తోమే చేతికి ఉంగరంగా కన్నా, మెడలో పతకంగా ఎక్కువ కాలం ఉంటుంది.

చివరగా బడి సంగతి. ఇలాంటి సభల్లో పిల్లలు ముడిరాళ్ళనీ, గురువులు శిల్పులనీ పోలుస్తుంటారు. నేను ఆ పోలిక తేను. రాయికి అరిగింది తిరిగి రాదు. పిల్లవాడు అలా కాదు. ఈ రోజు తప్పు చేస్తాడు, రేపు దిద్దుకుంటాడు, ఎల్లుండి ఇంకొకరికి నేర్పుతాడు. అందుకే తప్పులకు ఖరీదు తక్కువ ఉన్న వయసులో, ఖరీదు తక్కువ ఉన్న చోట చేతికి పని తగలాలి. ఆ పెద్దాయన నాకు గుప్పెడు పాట్చ్ ఇచ్చింది అందుకే. నలభై ఐదేళ్ళు దాటాక నాకు దొరికిన ఆ గుప్పెడు పాట్చ్, ఒకప్పుడు ఈ బడిలో అందరికీ దొరికేది. వారానికి రెండుసార్లు చేతిపనుల పీరియడ్ ఉండేది. అచ్చుల్లో సుద్దముక్కలు పోశాం. అట్టలతో పుస్తకాలు బైండు చేశాం. మనం పోసిన సుద్దముక్క విరిగితే లెక్కల మాస్టారు మన వంకే చూసేవారు. ఎంత నీళ్ళు కలిపితే గట్టిపడుతుందో, ఎప్పుడు అచ్చు విప్పాలో మన చేతులకు తెలిసింది అలాగే. ఇప్పుడు టైమ్ టేబుల్లో ఆ పీరియడ్ లేదు. పదో తరగతి మార్కుల్లో దానికి చోటు లేదు కాబట్టి పోయింది. ఉపాధ్యాయులను తప్పు పట్టే విషయం కాదిది.

స్వర్ణోత్సవ నిధితో ఏం చేద్దామని కమిటీ మనందరినీ సలహా అడిగింది. డిజిటల్ క్లాసురూములు అని ఎక్కువమంది రాశారు. మంచిదే, నేనూ నా వంతు ఇస్తాను. దాంతోపాటు ఒక గది, ఒక పొడవాటి బల్ల, రెండు నీళ్ళ కుళాయిలు అడుగుతున్నాను. ఓపల్స్ అక్కర్లేదు. కడప రాయి, తాండూరు రాయి ముక్కలు బండల షాపుల వెనక ఊరికే పడి ఉంటాయి. ఒక అద్దం పలక, 220 నుంచి 2000 దాకా నీటి కాగితాలు, బకెట్టు నీళ్ళు, మాస్కులు చాలు. రాయిని తడుపుతూ చేత్తో రుద్దితే ఒక పిల్లవాడు నాలుగు పీరియడ్లలో అరచేతి మందం రాతి ముక్కను అద్దంలా చేయగలడు. ఏ నంబరు దాటేస్తే ఏ గీత మిగులుతుందో వాడికే తెలుస్తుంది. పాడైతే ఇంకో ముక్క. పెద్ద తరగతుల వాళ్ళు అదే బల్ల మీద చెక్క పని, వైరింగు పని నేర్చుకోవచ్చు. కడుపు నింపే విద్యలవి.

మొదటి ఏడాది సామానంతా నేను సమకూరుస్తాను. ఏటా జనవరిలో సెలవు మీద వచ్చినప్పుడు వారం రోజులు ఆ గదిలో ఉంటాను. మా బ్యాచ్‌లో వడ్రంగం చేసే మిత్రుడు, ఎలక్ట్రికల్ షాపు ఉన్న మిత్రుడు నెలకొక శనివారం ఇస్తామని ఒప్పుకున్నారు. వాళ్ళకు ఇంకో నలుగురు తోడవ్వాలి. గది ఇవ్వాల్సింది హెడ్మాస్టారు గారు, వారంలో ఒక పీరియడ్ ఇవ్వాల్సింది ఉపాధ్యాయులు. ఈ రెండూ దొరుకుతాయనే ఆశతో వచ్చాను. సభ అయ్యాక స్టాఫ్ రూము దగ్గర ఉంటాను. పేరు ఇవ్వదలచిన వాళ్ళు అక్కడ కలవండి.

డబ్బా వెనక వరుసల దాకా వెళ్ళినట్టుంది, చప్పుడు వినిపిస్తోంది. దయచేసి రెండు ముక్కలూ తిరిగి ఇవ్వండి. సున్నం పెళ్ళలా ఉన్నదే కదా అని దాన్ని పారేయకండి, దాని లోపల ఏముందో నేనింకా పూర్తిగా చూడలేదు.